నరసింగరావుగారి కారుకు ప్లగ్ వైర్లు

1991లో వానలు మొదలవుతున్న రోజులు. అప్పటికింకా బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. గోల్ బజార్ పక్క సందులో నాది మోటారు స్పేర్ పార్టుల దుకాణం. ముందు చెక్క కౌంటరు, వెనక గోడ నిండా ఫ్యాన్ బెల్టులు, గ్యాస్కెట్లు, ప్లగ్గుల డబ్బాలు. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. నన్నూ రైల్వేలోనే చూడాలని ఆయన ఆశ, కానీ ఉద్యోగం రాలేదు. ఊరికే తిరుగుతున్న నన్ను తీసుకెళ్లి నరసింగరావుగారికి అప్పగించాడు.

నరసింగరావుగారు రైల్వే జీపులు, లారీలు బాగుచేసే గ్యారేజీలో ఛార్జ్‌మన్, అంటే మెకానిక్కుల మీద పెద్ద. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను బాబాయ్ అని పిలిచేవాడిని. ఆయన పాత అంబాసిడర్ బోనెట్ ఎత్తి, ఆదివారాలు దాని మీదే నాకు పని నేర్పారు. నేను దుకాణం పెట్టేనాటికి ఆయన రిటైరై అర్పా నది అవతల సర్కండాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కారు మాత్రం అదే. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు.

జూన్ చివర్లో ఒక ఉదయం గుడ్డసంచీలో పాత వైర్లు వేసుకుని దుకాణానికి వచ్చారు.

"ఇంజను మిస్సింగ్ కొడతందిరా సూర్యం. ఐదు వైర్లూ కొత్తవి ఇచ్చీ," అన్నారు.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆ కాలపు కార్లలో కాయిల్ నుంచి కరెంటు డిస్ట్రిబ్యూటర్‌కి ఒక వైరు మీదుగా వస్తుంది. అక్కణ్ణించి నాలుగు వైర్లు నాలుగు ప్లగ్గులకు పంచుతాయి. వీటినే మేము ప్లగ్ వైర్లంటాం. పైనున్న రబ్బరు పగిలితే చెమ్మకి నిప్పురవ్వ ప్లగ్గుదాకా వెళ్లకుండా దారిలోనే కారిపోతుంది. ఇంజను ఒక్కో దెబ్బ మింగేస్తూ నడుస్తుంది. అదే మిస్సింగ్. ఆయన తెచ్చిన వైర్లు చూశాను. నిజంగానే మార్చాల్సినవే. వంచితే రబ్బరు ఎండిన చింతబెరడులా విచ్చుకుంటోంది.

"కాపరా, కార్బనా బాబాయ్?"

కార్బన్ వైరుకి రేడియోలో బరబర రాదు, కానీ వేడికి లోపలే తెగిపోతుంది. రాగితీగది మొరటు సరుకు, ఏళ్ల తరబడి ఉంటుంది.

"కాపరే. కార్లో నాకు రేడియో ఎందుకు? మీ పిన్ని ఉంది గదా," అన్నారు నవ్వుతూ.

పాత వైర్ల పక్కన పెట్టి కొలిచి, చుట్ట నుంచి కొత్తవి కోశాను. పొడుగెక్కువైతే సైలెన్సరు గొట్టం మీద పడి కాలుతుంది, తక్కువైతే కుదుపుకి ఊడుతుంది. చివర్లు బిగించి ఇచ్చాను. సంచీలో వేసుకుని వెళ్లారు.

ఆ వారంలోనే మళ్లీ వచ్చారు, రిక్షాలో. దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒకాయన టాక్సీలు తిప్పే గుప్తా, మా పెద్ద ఖాతాదారు. నరసింగరావుగారు వైర్లు తెచ్చి కౌంటరు మీద విసిరేశారు.

"డూప్లికేట్ మాలు అమ్ముతున్నావేట్రా? కారు కదల్నేదు. పట్‌పట్‌మని పేల్తంది."

"క్యా హువా దాదా?" అని అడిగారు గుప్తా.

"నక్లీ హై. సబ్ నక్లీ," అన్నారు బాబాయ్ అందరికీ వినిపించేలా.

స్పేర్ పార్టుల వ్యాపారంలో అంతకు మించిన నింద లేదు. ఆయన ఎదురుగానే మీటరు పెట్టి ఒక్కో వైరూ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ గురువుతో బజారులో వాదించలేక ఇంకో సెట్టు కోసి ఇచ్చాను. గుప్తా కొనాలనుకున్న ప్లగ్గులు కొనకుండానే, తరవాత వస్తానని వెళ్లిపోయారు.

ఆ రెండో సెట్టూ వెనక్కి వచ్చింది. ఈసారి ఆయన గొంతు ఇంకా పెద్దదయింది. పక్క దుకాణాల వాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆ తరవాత నా కౌంటరు దగ్గర డబ్బా విప్పి వాసన చూసేవాళ్లు, అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు మొదలయ్యారు. పనిముట్ల సంచీ తీసుకుని ఆదివారం పొద్దున్న సర్కండా వెళ్లాను. నా సరుకులో దోషం లేదని తేల్చుకోవాలన్న పంతం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

ఇంటి ముందు కారు నిలబెట్టి ఉంది. పక్కింటి రిటైర్డ్ రైల్వే గార్డుగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పిన్ని టీ తెచ్చింది. నేను బోనెట్ ఎత్తాను.

చూడగానే తెలిసిపోయింది. నాలుగు ప్లగ్గులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా పేలవు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. దీన్నే ఫైరింగ్ ఆర్డర్ అంటారు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద వైర్లు ఆ లెక్కనే గుచ్చాలి. ఇక్కడ మూడోది నాలుగో దాని చోట, నాలుగోది మూడో దాని చోట ఉన్నాయి. గుచ్చడం మాత్రం ఎంతో శుభ్రంగా గుచ్చారు.

"ఎవరు పెట్టారివి?" అనేశాను ఆలోచించకుండా.

"నానే. ఇంకెవుడు పెడతాడు?"

"ఆర్డరు ఒకసారి చూద్దామా బాబాయ్?"

"నాకు సెప్తావేట్రా ఆర్డరు? సూడు," అని లేచి వచ్చి, నాలుగు వైర్లూ ఒక్క ఊపులో పీకేశారు. అలా పీకితే నాకు మొట్టికాయలు వేసిన మనిషి. ఒకటి తీసి ఒకటి పెట్టాలనేది ఆయన మొదటి పాఠం.

ఒకటో వైరు గుచ్చారు. రెండో వైరు చేతిలో పట్టుకున్నారు. చెయ్యి క్యాప్ మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. చెయ్యి కొంచెం కుడికి జరిగింది, మళ్లీ ఎడమకి వచ్చింది. గార్డుగారు టీ తాగడం ఆపి చూస్తున్నారు. పిన్ని గుమ్మంలో కదలకుండా నిలబడింది. బాబాయ్ తల ఎత్తి నా వైపు చూశారు. సమాధానం రాని పిల్లవాడు మాస్టారి వైపు చూసే చూపు అది. ఆ చూపు ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

నేను తట్టుకోలేకపోయాను. ఇంజను మీదికి వంగి బోనెట్ కింద తల దూర్చేశాను. "అబ్బే, ఇదీ సంగతి. క్యాప్ పగిలింది బాబాయ్. నేనిచ్చిన వైర్లూ లూజుగానే ఉన్నాయి. లోపం సరుకులోదే," అని గట్టిగా అన్నాను.

క్యాప్ పగల్లేదు. సంచీలో ఉన్న కొత్త క్యాప్ బిగించి, ఆయన చూసేలోగా వైర్లు సరిగ్గా గుచ్చాను. ఇంజను కుట్టుమిషనులా మెత్తగా నడిచింది.

"సూసినారా? సామాన్లోనే ఉంది లోపం. నాను సెప్పనేదా?" అన్నారాయన గార్డుగారితో.

"తప్పు నాదే బాబాయ్," అన్నాను. స్కూటరు మీద అర్పా వంతెన దాటుతుంటే ఒక పెద్దమనిషి పరువు కాపాడానని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం, బజారు పలచబడ్డాక, పిన్ని దుకాణానికి వచ్చింది. అంతకుముందు ఆవిడ ఎన్నడూ నా దుకాణం మెట్లెక్కలేదు. మంచినీళ్లిస్తే వద్దని, కౌంటరు అవతలే నిలబడింది.

"క్యాప్ పగల్నేదు గదా నాయినా?" అంది.

నేను కౌంటరు మీది ప్లగ్గుల డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను.

"నువ్వూ సూసినావు. ఆయన సెయ్యి ఆగిపోడం సూసినావు."

"అందరి ముందూ ఆయన పరువు పోతుందని, పిన్నీ..."

"ఆయనకి మరుపొస్తందని నాకు తెలిసి ఏడాది దాటీసింది. ఎవుడితో సెప్పినా, ఆయనకేటమ్మా, రైట్‌గానే ఉన్నాడు గదా అంతారు. పెద్దమ్మాయితో సెప్తే నాకే భయం ఎక్కువంది. నిన్న నువ్వు బోనెట్ ఎత్తినప్పుడు అనుకున్నాను, ఈడు ఆయన దగ్గిర పని నేర్సినోడు, ఈడు సెప్తే ఇంటాడని. నువ్వు కారు బాగుసేసి ఎలిపోనావు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

తరవాత మిగతాది చెప్పింది. రతన్‌పూర్ గుడి నుంచి వస్తూ, ఇంటి వీధి మలుపులోనే కారు ఆపి, మనిల్లు ఏ పక్కని అడిగారట. ఆవిడ నవ్వులాటనుకున్నట్టు నటించి దారి చూపించింది. ఇప్పుడు రాయపూర్ నుంచి కూతురు, ఇద్దరు మనవలు వస్తున్నారు. వాళ్లను అమర్‌కంటక్ కొండకి తీసుకెళ్తానని ఆయన మాటిచ్చారు. అడివి దారి, ఘాట్ రోడ్డు, వానాకాలం.

"కారు నడవనన్నాళ్లూ దేవుడే ఆపినాడనుకున్నాను," అంది పిన్ని. "ఇప్పుడు నడుస్తంది."

ఆవిడ వెళ్లాక సరుకు బేరం అడిగినవాళ్లకు ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటి దారే మరిచిపోతున్న మనిషి చేతిలో ఘాట్ రోడ్డుకి బండి సిద్ధం చేసి పెట్టి, దాన్ని మర్యాద అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సర్కండా వెళ్లాను. ఆయన కార్లో డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు తుడుస్తున్నారు. అవతలి తలుపు తీసి పక్కన కూర్చున్నాను. దగ్గర్లో ఎవరూ లేరు.

"బాబాయ్, ఆ క్యాప్ పగల్లేదు."

తుడుస్తూనే ఉన్నారు.

"వైర్లు కూడా మంచివే. మూడూ నాలుగూ మారిపోయాయి."

గుడ్డ ఆగింది.

"తెల్సు," అన్నారు. "నువ్వు ఇంజన్లో తల దూర్సినప్పుడే తెల్సింది. నా మొకం సూడనేక దూర్సినావు."

నేను తల దించుకున్నాను.

"సెయ్యి ఎల్తంది, బుర్ర రాదురా. మొదట్లో అచ్ఛా, వయసు గదా అనుకున్నాను. గ్యారేజీలో ఎంతమందికి నేర్పినాను ఆ నాలుగంకెలు! ఎవుడితో సెప్పనురా, అవి నాకు గుర్తు రావట్నేదని? వైరు నకిలీదంటే సులువు."

"పిన్నికి తెలుసు బాబాయ్."

"దానికి తెల్సని నాకూ తెల్సు. తెలీనట్టుంటే దానికి కాస్త నెమ్మదని."

ఇద్దరూ ఒకే ఇంట్లో ఏడాదిగా ఒకరి నుంచి ఒకరు దాచుకుంటున్నారు. పట్టుకుని బయటపెట్టాల్సిన మూడోవాణ్ణి నేను. నేనూ వాళ్లతో కలిసి దాచాను.

"పిల్లల్ని ఘాట్ రోడ్డు మీద..." అన్నాను. మాట పూర్తి చెయ్యలేకపోయాను.

ఆయనే పూర్తి చేశారు. "తోలకూడదు. నువ్వొస్తావా మరి?"

"వస్తాను."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ శనివారం, బజారు కిటకిటలాడే వేళ, ఆయన దుకాణానికి వచ్చారు. పిన్ని వెనకే ఉంది. గుప్తా కౌంటరు దగ్గరే ఉన్నారు. పక్క దుకాణం వాళ్లూ ఏదో గొడవ అవుతుందని బయటికి వచ్చారు. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చారు, డ్యూటీకి వచ్చినట్టు.

అందరికీ అర్థం కావాలని హిందీలోనే మాట్లాడారు. "ఇస్‌కా మాల్ అస్లీ హై. గల్తీ మేరీ థీ. తార్ మైనే గలత్ లగాయే థే. మై భూల్ జాతా హూఁ ఆజ్‌కల్." వీడి సరుకు అసలుదే, తప్పు నాది, వైర్లు నేనే తప్పుగా పెట్టాను, ఈమధ్య మరిచిపోతున్నాను అని.

"ఎందుకు బాబాయ్ ఇదంతా, నాకవసరం లేదు," అన్నాను కంగారుగా.

"నీకు నేకపోతే నాకుంది," అన్నారు తెలుగులో.

గుప్తా లేచి తన స్టూలు ఆయనకిచ్చారు. ఆయన కూర్చోలేదు. పిన్ని భుజం పట్టుకుని మెట్లు దిగి వెళ్లారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది గానీ, ఆ నడకలో మాత్రం ఏదో బరువు దింపుకున్న తేలికదనం ఉంది.

అమర్‌కంటక్ నేనే తోలాను. ఆయన పక్కన కూర్చుని ప్రతి మలుపుకీ గేరు చెప్పారు, ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఆ తరవాత రైల్వే ఆసుపత్రి డాక్టరు పరీక్ష చేసి, ఈ మతిమరుపు జబ్బు ముదురుతుందే గాని తగ్గదని చెప్పారు. కొన్నాళ్లకు నా పేరు కూడా మరిచిపోయారు. నేను వెళ్తే గ్యారేజీ నుంచి ఎవరో వచ్చారనుకుని, మంచం మీద జరిగి చోటిచ్చేవారు.

దుకాణం ఇంకా చాలా ఏళ్లు నడిపాను. సరుకు తిరిగి వస్తే మార్చి ఇచ్చేసేవాణ్ణి కాదు. ఎవరు బిగించారో, ఎలా బిగించారో వెళ్లి చూసేవాణ్ణి. తప్పు మనిషిదైతే పక్కకి పిలిచి, అతని మొహం చూసే చెప్పేవాణ్ణి. ఆరోజు ఆయన సిగ్గుపడకూడదని అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన సిగ్గును ఆయన బజారు మధ్య నిలబడి మొయ్యగలిగారు. దాన్ని చూడలేక పారిపోయింది నేను.