మా అత్తకు నేను తగ్గించిన పదేండ్లు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. పాపం, ఆ పెద్దల కాలంలో ఆధార్ కార్డు లేదు. ఉండుంటే, నోరు జారినవాడు నెలనెలా పింఛను కూడా కట్టాలని చేర్చేవాళ్లు. నేను కట్టాను. ఒక్క మాట మాట్లాడినందుకు ఎన్నేళ్లు కట్టానో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. కడపలో జిరాక్సు షాపులో పని చేస్తూ, లోకంలో ఉన్న కాయితాలన్నీ నాకే తెలుసనుకునేవాణ్ని. మేనమామ కూతురు పద్మను చేసుకోవాలని నా ఆశ. మామకు ఇష్టమే. అడ్డమల్లా మామ భార్య ఓబులమ్మత్త. ఆమె మనసు ప్రొద్దుటూరు సంబంధం మీదుంది. ఆ పిల్లవాడికి బట్టల అంగడి ఉందట. నాకేముంది? నోరుంది.

మా ఊరి మగ్గాల వీధి బడిలో ఆధార్ కార్డులకు ఫోటోలు తీస్తుంటే, "సదువుకున్నోడివి, తోడు రాప్పా" అని అత్త పిలిచింది. రెక్కలు కట్టుకుని వెళ్లాను. మిషను ముందు కూర్చున్న ఉద్యోగి పుట్టిన తేదీ అడిగాడు.

"అదంతా ఎవురికి తెలుసు నాయనా! పెద్ద కరువొచ్చినప్పుడు నేను పాకతాంటినంట" అంది అత్త.

"ఏ కరువమ్మా? మన సీమలో అదొకటా రెండా!"

అక్కడ నేను గమ్మునుంటే సరిపోయేది. ఆమెకు నలభై ఆరని మామ చెప్పగా విన్నాను కూడా. కానీ బట్టల అంగడి కళ్లముందు కదిలింది.

"ముప్పై ఆరు రాసుకోండి సార్!" అన్నాను.

అతను అత్తను చూశాడు, నన్ను చూశాడు. "ముప్పై ఆరా?"

"చూస్తే అంత కూడా అనిపించదు. అయినా అబద్ధం రాయించకూడదు కదా సార్."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నా ఓళిగల మీద నెయ్యి ఏరులై పారింది. నెల తిరక్కముందే ప్రొద్దుటూరు వాళ్లకు వద్దని కబురు పోయింది. ఒక్క మాటకు పెళ్లాం వచ్చిందని తెగ మురిసిపోయాను.

ఏడేళ్లు గడిచాయి. మగ్గం నేసేవాళ్లకు యాభై నిండితే పింఛను ఇస్తారు కదా, అత్త సొంత చెల్లెలు నాగమ్మకు వచ్చింది. అత్తకు రాలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"ఈమెకు నలభై మూడే. ఇంగా ఏడేండ్లు ఉండాది" అన్నాడు గుమస్తా.

"సార్, ఈమె చెల్లెలికి వచ్చింది కదా!"

"కార్డు ప్రకారం ఆమె అక్కప్పా. ఈమే చెల్లెలు."

అత్తకు మండింది. "ఏం మాట్లాడతాండావప్పా? దాన్ని సంకనేసుకుని తిప్పినా నేను!"

"అమ్మా, సంక చూపిస్తే చాలదు. కాయితం చూపియ్యాల."

బడి మొహం చూడని మనిషికి కాయితం యాడొస్తుంది? సంగతి వీధంతా పాకింది. నాగమ్మ గుమ్మంలోంచే "ఏం చెల్లెలా, అక్కను పలకరించవా?" అని పిలవడం మొదలుపెట్టింది. అత్త ఆ వీధిలో నడవడం మానుకుంది.

"దుడ్డు కోసం కాదప్పా," అంది ఒకరోజు మగ్గానికి నూలు కండెలు చుడుతూ. "మీ మామకు కండ్లు సరిగ్గా ఆనవు. నాకు చేతులు గుంజతాండాయి. నాగమ్మ ఒకటో తేదీ ఎవురినీ అడగకుండా మాత్రలు కొనుక్కుంటాది. నేను మాత్రం మిమ్మల్ని అడుక్కోవాల." నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

వయసు చూసి డాక్టరు రాసిస్తే పని జరగవచ్చని ఎవరో అన్నారు. కడపకు బయల్దేరదీశాను. బస్టాండుకు వచ్చిన అత్తను చూసి నా గుండె జారింది. తలకు నల్లరంగు, కొప్పు నిండా కనకాంబరాలు, పెట్టెలోని కొత్త చీర.

"అత్తా! ముసలిదానివని రాయించుకునేదానికి పోతాండాం!"

"అయితే? కడపకు పోతా తల దువ్వుకోకుండా పోతారా?"

డాక్టరు పెద్దమనిషి. కళ్లద్దాలు సర్దుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "యాభై మూడా? నలభై కూడా ఉన్నట్టు లేరే!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడకు ఆనుకున్నాను. ఇద్దరం మళ్లీ బస్సెక్కాం.

వయసు ఒంట్లో ఉంటుందా, కార్డులో ఉంటుందా, ఎదుటివాడి నోట్లో ఉంటుందా అని దారి పొడవునా ఆలోచించాను. తేలలేదు. యర్రగుంట్ల దాటాక మాత్రం చెప్పేశాను. "అత్తా, తప్పు నాది. కార్డులో యాభై నిండేదాకా నీ పింఛను నేనిస్తా."

"ఒకటో తేదీ తెల్లారేటికి ఇంటికొచ్చి ఇయ్యాల. పద్మ చేతికిచ్చి పంపితే కుదరదు" అంది అత్త, టికెట్టు కొన్నంత మామూలుగా.

ఏడేళ్లు ఇచ్చాను. మధ్యలో ఆమె అరుగు మీద కూర్చుని, "గవర్నమెంటు పెంచిందంట. నువ్వెప్పుడు పెంచుతాండావప్పా?" అని అడిగింది. పెంచక చస్తానా?

మొన్నామధ్య కార్డులో యాభై నిండింది. అసలు పింఛను వచ్చేసింది. నాకు జైలు నుంచి విడుదలైనట్టుంది. ఒకటో తేదీన ముసుగుతన్ని పడుకున్నాను. రెండో తేదీ అత్త ఫోను.

"ఏమప్పా, నా పింఛను యాడ?"

"గవర్నమెంటు ఇచ్చింది కదత్తా!"

"అది కార్డులో ఉండే ఓబులమ్మకు. ఆమెకు యాభై. నాకు అరవై నిండినాయి. నాదేదీ?"

కడప దర్గా మీద, దేవుని కడప వెంకటేశ్వరస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ ఆడమనిషి వయసూ ఒక్క ఏడు కూడా తగ్గించి చెప్పను. చెప్పక తప్పకపోతే పదేళ్లు కలిపే చెబుతాను. తిడితే తిట్టనీ. తిట్లకు ఒకటో తేదీ ఉండదు.