పానకాలు పిడి

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటగానే వచ్చే గురవయ్యగారి పెట్రోలు బంకులో నేను పద్నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. అన్నేళ్లలో గురవయ్యగారికి ఎదురు చెప్పిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. అది నేను కాదని ముందే ఒప్పుకుంటున్నాను. బ్రాడీపేటలో అద్దె ఇల్లు, నలుగురు పిల్లలు, వాటికి తోడు పుట్టుకతో వచ్చిన పిరికితనం. ఎదురు చెప్పినవాడి పేరు పానకాలు. అతని కుడిచేతికి మూడే వేళ్లు.

వాళ్లది మంగళగిరి. మగ్గం మీద బతికిన ఇల్లు. పన్నెండో ఏట మగ్గం గుంటలోకి దిగినవాడు ముప్ఫయ్యో ఏట, నూలు సరిగ్గా అందక మగ్గం మూలపడితే, పెళ్లాం మల్లేశ్వరిని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చి ఒక జిన్నింగ్ మిల్లులో చేరాడు. పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రం రెండేళ్లు తిరక్కుండానే అతని మధ్యవేలు, ఉంగరపువేలు తీసుకుపోయింది. తప్పు నీదేనని మిల్లువాళ్లు తేల్చేశారు. పోనీలే అని జాలిపడి గేటు దగ్గర కాపలా ఇస్తామన్నారు.

"నా వేళ్లు తిన్నదానికి నేనే కాపలా కాయాలా?" అని అడిగి, జవాబు కోసం కూడా ఆగకుండా వచ్చేశాడు.

మా బంకులో చేరింది యాభై ఆరులో. అప్పట్లో మాది చేతిపంపు. ఇంత పొడుగు ఇనపకాడ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే, నూనె పైనున్న గాజు జాడీలోకి ఎక్కేది. జాడీ నిండాక గొట్టంలోంచి బండిలోకి వదిలేవాళ్లం. దానికి వేళ్లతో పనిలేదు, భుజం ఉంటే చాలు. చిన్నప్పటి నుంచి మగ్గం తాడు లాగిన భుజం పానకాలుది. మిరపకాయల రోజుల్లో బస్తాలెత్తుకుని లారీలు వరసకట్టినా ఆ ఊపు తగ్గేది కాదు. రెండో పంపు దగ్గరుండే ఇమాం హుస్సేన్ నిక్షేపంలాంటి మనిషి. వాడు కూడా మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు.

అరవై ఒకటిలో కరెంటు పంపులు వచ్చాయి. గురవయ్యగారు కొబ్బరికాయలు కొట్టారు, నేను పులిహోర తిన్నాను. ఇక కష్టాలు తీరాయనుకున్నాం. గొట్టం చివర నాజిల్, దాని కింద ఒక మీట. మీటని నాలుగు వేళ్లతో బిగించి నొక్కితే నూనె వస్తుంది, వదిలితే ఆగిపోతుంది. లోపలి స్ప్రింగు మాత్రం మహా మొండిది. కారుకైతే ఫరవాలేదు. లారీ ట్యాంకు నిండేదాకా అలా నొక్కిపట్టి ఉండాలంటే వేళ్లు కొంకర్లు పోయేవి. దాన్ని తయారుచేసిన మహానుభావుడు తన జన్మలో ఒక్క లారీకైనా పట్టి ఉండడని నా గట్టి నమ్మకం.

నాలుగు వేళ్ల పని పానకాలుకి మిగిలిన చూపుడువేలితో, చిటికెనవేలితో జరగలేదు. ఎడమచేత్తో పట్టడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు బాగానే గడిచింది. అయిదో రోజు పొద్దున్నే ఒక కొత్త లారీ వచ్చింది. ముందు పూలదండ, గుత్తిగా కట్టిన నిమ్మకాయలు, పసుపు కుంకుమ బొట్లు. యజమాని పట్టుపంచెతో దిగాడు. పానకాలు ఎడమచేత్తో నాజిల్ తియ్యడం చూసి కేకేశాడు.

"కొత్త బండికి ఎడంచేత్తో బోణీ ఏందిరా? బుద్ధుందా నీకు?"

"ఎడం చెయ్యి కూడా నాదేనండి. శుభ్రంగా కడుక్కునే వచ్చా" అన్నాడు పానకాలు.

లారీ దండతో సహా వెళ్లిపోయింది. ఆ కబురు లారీలవాళ్లందరికీ పాకింది. పొద్దున బోణీకి వచ్చేవాళ్లు, మిరపకాయల యార్డుకి మొదటిసారి సరుకు తీసుకెళ్లేవాళ్లు అతని పంపు దగ్గర ఆగడమే మానేశారు. గురవయ్యగారు పిలిచి, రేపటి నుంచి రాత్రి కాపలాకి రమ్మన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మిరపకాయల వ్యాపారంలో జుట్టు నెరిసిన మనిషి, పోయే బేరం ఊరుకుని చూడలేరు, అంతే.

"కాపలా పని నాకొద్దండీ. వారం రోజులియ్యండి, కుడిచేత్తోనే పట్టి చూపిస్తా."

"ఎట్టారా? వారంలో వేళ్లు మొలుస్తయ్యా?"

"వేళ్లెందుకు మొలుస్తయ్యండీ? మీటే మారుద్ది."

నాకు నవ్వొచ్చింది. ఇవాళ తలుచుకుంటే ఆ నవ్వుకి సిగ్గుపడుతున్నాను.

ఆ వారం బేరం లేనప్పుడల్లా నాజిల్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"పంతులుగారూ, మగ్గం మీద నాడె ఈ చివర నుంచి ఆ చివరకి పోద్ది గదా, వేళ్ల బలంతో పోద్దా? చెయ్యి మొత్తం లాగితే పోద్ది. దీన్ని చేసినోడు బరువంతా తెచ్చి వేళ్ల మీద పెట్టాడు. ఇంత భుజం ఊరికే కూర్చునుంది చూడండి."

మంగళగిరి వెళ్లి తన పాత మగ్గం నుంచి ఒక టేకు ముక్క కోసి తెచ్చాడు. దాన్ని మూరెడు పిడిగా చెక్కాడు. కమ్మరి చేత ఇనప తొడుగు చేయించి, రెండు బోల్టులతో పిడిని మీటకి బిగించాడు. ఇప్పుడు నొక్కక్కర్లేదు. పిడి కింద మణికట్టు ఆనించి చెయ్యి కాస్త పైకి లాగితే చాలు, స్ప్రింగు మారుమాట లేకుండా లొంగింది. పిడి నున్నగా ఉండి జారుతోందని, రాత్రి మొగుడూ పెళ్లాం కూర్చుని దానికి నూలు చుట్టి, పడుగుకి పెట్టినట్టు చిక్కటి గంజి పెట్టి ఆరబెట్టారు. మర్నాటికి అది ఎముకలా బిగుసుకుంది. పానకాలు కుడిచేత్తో ఆరు లారీలకి పట్టాడు. గురవయ్యగారు చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే లెక్క.

గంజి డీజిలుకి కరగదు. నీళ్లకి కరుగుతుంది. పుట్టిందగ్గర్నుంచి గంజివాసన పీల్చినవాడికి ఇది నేను చెప్పాలా? కానీ సాలెవాడు గంజి పెట్టిన నూలుని వాన మొహం చూడనివ్వడు. చినుకు పడితే ముందు పడుగు లోపలికి తెచ్చి తర్వాత పిల్లల్ని పిలుస్తాడు. అందుకే గంజి తడిస్తే ఏమవుతుందో అతనికి తట్టలేదు. ఏప్రిల్లో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. పిడి జిగురుజిగురుగా తయారై చేతిలోంచి జారింది. నాజిల్ ట్యాంకులోంచి ఎగిరి, మీట మూసుకునేలోపే లారీ డ్రైవర్‌కి తలనుంచి కాళ్లదాకా డీజిలు స్నానం చేయించి ఆగింది. డీజిలు తాగిన ఆ నూలుకి అన్నాళ్లూ ఎవడి బీడీ అంటుకోకపోవడం మా పూర్వజన్మ సుకృతం.

"డీజిల్లో గంజి కాచావేందిరా!" అని ఇమాం హుస్సేన్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ పిడికి అప్పటికే వాడు కుంటిపిడి అని పేరు పెట్టాడు.

పానకాలు తల దించుకోలేదు. డ్రైవర్‌కి తన తువ్వాలిచ్చి, వానలోనే నిలబడి నూలంతా చీరి పారేసి, ఉత్త కర్రతో మిగతా బండ్లకి పట్టాడు. తెల్లారేసరికి పిడికి సైకిలు టైరు ముక్క తొడిగి ఉంది. ఆ తర్వాత అది ఏ వానకీ జారలేదు. వేసవి అయ్యేసరికి ఇమాం హుస్సేన్ తన పంపుకీ అలాంటిదే చేయించుకున్నాడు. కుంటిపిడి అన్న మాట మళ్లీ వాడి నోట రాలేదు.

మరుసటి సంవత్సరం మిరపకాయలు జోరుగా దిగుతున్న రోజుల్లో కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసింది. గురవయ్యగారు కంగారుపడ్డారు. "ఆ ఒక్కపూటా పిడి ఊడదీసి ఎక్కడన్నా దాచరా" అన్నారు. నేనూ బతిమాలాను.

"దాచడానికి దొంగసొత్తాండీ? నా కష్టం" అన్నాడు పానకాలు. "ఆయన చూడాలనే నేను కోరుకుంటున్నా. చూసి ఇందులో తప్పేందో చెప్పమనండి."

ఇమాం హుస్సేన్ పిల్లలుగలవాడు, తన పిడి ఊడదీసి సామాన్ల గదిలో పెట్టాడు. పానకాలు తన పిడిని శుభ్రంగా తుడిచి ఎదురుగా కనపడేట్టు ఉంచాడు.

ఇన్‌స్పెక్టర్ పేరు అనంతపద్మనాభంగారు. మడత నలగని తెల్లచొక్కా. అయిదు లీటర్ల కొలతడబ్బాలో మూడుసార్లు పట్టించి చూశారు. చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయినా పిడి తీసెయ్యమన్నారు.

"కొలత తప్పిందాండీ?" పానకాలు అడిగాడు.

"లేదు."

"కారుతుందా?"

"అదీ కాదు. కంపెనీ నాజిల్‌కి బయటి వస్తువు తగిలించకూడదు. అది రూలు."

"అయితే ఈ లారీకి మీరు పట్టండి సార్, ఆ రెండో పంపుతో. ట్యాంకు నిండేదాకా పట్టండి. నేనే ఊడదీసి మీ చేతికిస్తా."

ఆయనకి పౌరుషం వచ్చింది. చొక్కా చేతులు మడిచి నాజిల్ అందుకున్నారు. సగం ట్యాంకు నిండేసరికి మొహం ఎర్రబడింది. నెమ్మదిగా నాజిల్‌ని ఎడమచేతిలోకి మార్చారు. వెంటనే డ్రైవర్ అడ్డొచ్చాడు. "ఎడంచెయ్యి వద్దు సార్, యార్డుకి సరుకుతో పోతున్నా" అన్నాడు. చుట్టూ మూగిన డ్రైవర్లు పళ్లికిలించారు. ఇన్‌స్పెక్టర్‌గారు మళ్లీ కుడిచేతికి మార్చి, పళ్లు బిగబట్టి ట్యాంకు నింపారు. అది మాత్రం మెచ్చుకోవాలి. తర్వాత నొప్పిచేత్తోనే వంకరటింకరగా రాశారు. వారంలో పిడి తీసెయ్యకపోతే పంపుకి సీలు.

ఆయన వెళ్లాక గురవయ్యగారు నన్ను లోపలికి పిలిచారు. పిడి లేకపోతే పానకాలు పనిచెయ్యలేడు కాబట్టి ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం రాయమన్నారు. రాశాను. నా దస్తూరీ చాలా బాగుంటుంది. ఆరేళ్లు నాతో కలిసి టీ తాగిన మనిషి కూడు తీసే కాగితం అంత అందంగా రాసినందుకు నా చెయ్యి నాకే అసహ్యమనిపించింది.

పానకాలు దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. "వారం గడువుంది గదండీ. వారం తర్వాతే ఇవ్వండి" అని నా బల్ల మీద పెట్టాడు. తన చేత్తోనే బోల్టులు విప్పి, పిడి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అరగంట తర్వాత ఇమాం హుస్సేన్ కూడా సెలవు కావాలని అడక్కుండానే అతని వెనకే పోయాడు.

ఎనిమిదో రోజు ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చేసరికి రెండు నాజిళ్లూ కంపెనీ పెట్టెలోంచి తీసినట్టు బోసిగా ఉన్నాయి. వంగి చూశారు, తడిమి చూశారు, తృప్తిగా తలూపారు. పానకాలు పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని పంపు పక్కన నిలబడి ఉన్నాడు. గురవయ్యగారు నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం తియ్యమన్నారు.

అంతలో బస్తాల లారీ వచ్చి ఆగింది. పానకాలు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచేతిదాకా తోలుపట్టీ, దానికి కింద బిగించిన ఇనపకడ్డీ, కడ్డీ చివర రెండు వేళ్ల వెడల్పు కొక్కెం. కొక్కేన్ని మీట కిందకి పోనిచ్చి, అరచెయ్యి గొట్టం మీద ఆనించి, మోచెయ్యి కిందకి దించాడు. మీట లేచింది. డీజిలు ధారగా దిగింది. ట్యాంకు నిండేదాకా అతను ఇన్‌స్పెక్టర్‌గారినే చూస్తూ పట్టాడు.

"ఏమిటది?" అన్నారాయన.

"నా చెయ్యి సార్."

"విప్పి చూపించు."

"గొట్టం కంపెనీదండి, ఎన్నిసార్లయినా చూసుకోండి. చెయ్యి నాది. విప్పను."

ఇన్‌స్పెక్టర్‌గారు రూళ్ల పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. నాజిళ్ల గురించి ఉంది, గొట్టాల గురించి ఉంది, సీళ్ల గురించి బోలెడుంది. మనిషి చేతికి ఏం కట్టుకోవాలో, ఏం కట్టుకోకూడదో ఎక్కడా లేదు. ఆయన తలెత్తేసరికి రెండో పంపు దగ్గర ఇమాం హుస్సేన్ కూడా తన చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. వాడి చేతికీ తోలుపట్టీ ఉంది.

"నీకేమైందయ్యా? నీకు వేళ్లన్నీ ఉన్నాయిగా?"

"ఉండబట్టే గదా సార్ కాపాడుకుంటున్నా" అన్నాడు ఇమాం హుస్సేన్.

ఇన్‌స్పెక్టర్‌గారు పుస్తకం మూసేశారు. నేను సొరుగులోంచి తీసిన కాగితం చేత్తో పట్టుకుని గురవయ్యగారి మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"పానకాలూ, వెనక బండి ఆగుంది. ఎంతసేపు నిలబెడతావు?" అన్నారు.