టీచరమ్మ సైకిల్ గంట

పాల ప్యాకెట్ మూల ఎంత కత్తిరించాలో మా కోడలికి ఈ జన్మలో రాదు. గిన్నెలో పడాల్సిన పాలు సగం పొయ్యిగట్టు మీదే పడతాయి. ఆ రోజు పొద్దున కూడా నేను దాని గురించే గొణుగుతున్నాను. గేటు దాకా వెళ్ళొచ్చిన కోడలు కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మామా, టీచరమ్మ పోయినాదంట. తెల్లారకముందే గుండె ఆగిపోయినాదంట" అంది.

నా గొణుగుడు అక్కడే ఆగిపోయింది. మా పక్కింటి టీచరమ్మ. నా కూతురి ఈడుది. నేను ఇక్కడ ఉండగా ఆమె ముందు వెళ్ళడం ఏం పద్ధతి?

నా సంగతి చెప్పాలి. ఎనిమిదో క్లాసు దాటలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపి రిటైరయ్యాను. తాతల కాలం నుంచి మాది పుదుచ్చేరే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ నాకు తెలుగు రాయడం రాదు. నేను చెబుతుంటే నెల్లూరు నుంచి వచ్చిన కోడలు రాస్తోంది. నా మాటలు సాపు చేసి రాస్తానని ముందే బెదిరించింది. కాబట్టి ఇందులో ఎక్కడైనా మర్యాద కనిపిస్తే అది ఆమె తప్పు. పాల సంగతి కూడా మారుమాట లేకుండా రాసింది, మెచ్చుకోవాలి.

టీచరమ్మ కాలాపేట దారిలో ఉన్న ఒక కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేది. ఆమె ప్రాణమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీదే. అదేమిటో నాకు అంతుపట్టక ఒకసారి అడిగాను.

"ఒకరు చేసిన దాన్ని జనం చేతికి పోకముందే మనం చెడగొట్టి చూసేది, పెద్దనాయనా."

"చెడగొట్టేదానికి డిగ్రీ ఏందమ్మా? నా మనవడు చదవకుండానే చేస్తా ఉండాడే!"

"వాడు చెడగొట్టి దాచేస్తాడు. మా పిల్లలు చెడగొట్టి చెప్తారు. ఆ చెప్పేదానికే డిగ్రీ."

ఆమెకు ఒక పాత సైకిల్ ఉండేది. సాయంత్రం దాని మీద వైట్ టౌన్ వైపు సముద్రం గాలికి వెళ్ళేది. పొద్దునపూట అది వాళ్ళ గేటు పక్కన ఊరికే ఉంటుంది కదా, నా చెయ్యి ఊరుకోదు. అటు వెళ్తూ గంట కొట్టేవాణ్ణి.

"ఏం తప్పు, పెద్దనాయనా?" అని లోపలి నుంచి కేక వచ్చేది.

"ముగ్గు వంకరగా ఉండాది!"

"థాంక్స్!"

నిజంగానే ముగ్గు డబ్బా పట్టుకుని వచ్చి ఆ గీత సరిచేసేది. ఇంకో రోజు, "ఉప్మా మాడిన వాసన వస్తా ఉండాది!" అంటే, దానికీ "థాంక్స్!" ఏడిపిద్దామని గంట కొట్టినవాడికి థాంక్స్ చెబితే ఇంకేం సరదా? నాకే చప్పగా అయిపోయేది.

టీచరమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక సైకిల్ మూలపడింది. ఆమె గంట మాత్రం ఊడదీసి, ఒక చెక్కముక్కకు బిగించి, క్లాసులో బల్ల మీద పెట్టింది. ఒకరి ప్రోగ్రాంలో ఇంకొకరికి తప్పు దొరికితే గంట కొట్టాలి. ప్రోగ్రాం చేసినవాళ్ళు మూతి ముడవకుండా థాంక్స్ చెప్పాలి. మొదటి రోజు బోర్డు మీద తాను రాసిన తప్పుకు తానే గంట కొట్టుకుని, తానే థాంక్స్ చెప్పుకుందట. "గంట మోగితే తల దించుకోవద్దు. మోగకపోతేనే భయపడాల" అనేది పిల్లలతో.

అయితే ఆ టెస్టింగ్ పాఠానికి డిగ్రీలో సరైన చోటు లేదు. వేరే సబ్జెక్టు చివర ఒక తోకలా ఉండేది. అక్కడికి వచ్చేసరికి పరీక్షలు వచ్చేసేవి. ల్యాబుతో సహా దాన్ని ప్రత్యేక సబ్జెక్టు చెయ్యాలని ఆమె ప్రతి ఏడూ అడిగేది. ఉద్యోగంలో చేరాక వాళ్ళే నేర్చుకుంటారులే అని సిలబస్ కమిటీ ప్రతి ఏడూ పంపించేసేది. ఆమె మా తిన్నె మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, "మళ్ళీ లేదన్నారు, పెద్దనాయనా. మళ్ళీ అడగతా" అనేది.

చివరికి ఒక ఏడాది కమిటీ వాళ్ళు విసిగిపోయారు. చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులు చూస్తాం, టెస్టింగ్ వల్ల ఏం ఒరిగిందో చూపించు, లేకపోతే ఇక అడగవద్దు అన్నారు. ఆ రోజు టీచరమ్మ నన్నూ బస్సు ఎక్కించింది. పిల్లలు చేసినవాటిని అందరి ముందూ కొత్త మనిషి ఎవరైనా నొక్కి చూడాలట.

"నాకేమీ తెలీదు కదమ్మా!"

"అందుకే. నోరు మాత్రం అదుపులో పెట్టుకో."

మొదట వేరే క్లాసు అబ్బాయిలు బస్సు వేళలు చెప్పే యాప్ తెచ్చారు. నొక్కాను, బాగానే పలికింది, చప్పట్లు కొట్టారు. తరువాత టీచరమ్మ శిష్యురాలు, అరియాంకుప్పం నుంచి వచ్చే పిల్ల. డాక్టరు దగ్గర టోకెన్ ఇచ్చే యాప్ ఆమెది. ఆ పిల్ల నా చేతికి ఫోన్ ఇవ్వకుండా ముందు బల్ల మీది సైకిల్ గంట కొట్టింది.

"సార్, నా దాంట్లో ఒక తప్పు ఉండాది. తొందరలో రెండుసార్లు నొక్కితే ఒకే మనిషికి రెండు టోకెన్లు వస్తాయి. నిన్న సాయంత్రమే దొరికింది. సరిచేసేదానికి టైం చాలలేదు. దాచలేదు, సార్."

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "తప్పున్న దాన్ని మా ముందుకు తెచ్చినావా?"

టీచరమ్మ ఇన్నేళ్ళ అడగడం అక్కడితో ముగిసిందనుకున్నాను. ఆమె మాత్రం లేచి నిలబడింది. "సార్, తప్పు అందరిదాంట్లోనూ ఉంటుంది. మా పిల్లకు అది యాడ ఉండాదో తెలుసు. అంతే తేడా."

పెద్దాయన బస్సు యాప్ ఉన్న ఫోన్ అందుకుని టకటకా రెండుసార్లు నొక్కాడు. తెర తెల్లగా అయిపోయి బిగుసుకుపోయింది. "నిన్న బాగానే ఉండింది, సార్!" అన్నారు అబ్బాయిలు. నా నోరు ఎంతసేపని అదుపులో ఉంటుంది? "ఏమప్పా, గంట యాడ?" అనేశాను.

పెద్దాయన తానే చెయ్యి చాపి గంట కొట్టాడు. అబ్బాయిలు బిక్కమొహాలు వేస్తే, వెనక నుంచి టీచరమ్మ పిల్లలు అరిచారు: "థాంక్స్ చెప్పండ్రా!" పెద్దాయనకు కూడా నవ్వు ఆగలేదు.

తరువాతి ఏడు నుంచి టెస్టింగ్ ప్రత్యేక సబ్జెక్టు, ల్యాబుతో సహా. ఆ సంతోషంలో టీచరమ్మ తన చేత్తో మైసూరుపాకు చేసి తెచ్చింది. అది మైసూరుపాకు కాదు, ఇటుకరాయి. అరియాంకుప్పం పిల్ల ఇప్పుడు అదే కాలేజీలో అదే పాఠం చెబుతోంది.

మొన్న ఆదివారం కాలేజీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేసి, దాని ముందు ఆ పిల్ల సైకిల్ గంట పెట్టింది. పాత పిల్లలూ కొత్త పిల్లలూ గోడల వెంట కూడా నిలబడ్డారు. టీచరమ్మను ఎన్నడూ చూడని అతిథి ఒకాయన మైకు పట్టుకుని, "జీవితంలో ఒక్క తప్పు కూడా చేయని మహనీయురాలు" అన్నాడు.

హాలు వెనక నుంచి గంట మోగింది.

అతిథి ఆగిపోయాడు. మరుక్షణం హాలు మొత్తం, కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ, ఒక్క గొంతుతో అరిచింది: "థాంక్స్!" ఆ తరువాత నవ్వులు, ఏడుపులు, చప్పట్లు, అన్నీ కలిసిపోయాయి. అరియాంకుప్పం పిల్ల ఫోటో వైపు చూసింది. అక్కడ గంట లేదు. వెనక్కి తిరిగి చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాను.

మరునాడు ఆ పిల్ల మా తిన్నె దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. కోడలా, ఇది కూడా రాయి. దండ సర్దుతున్నట్టు వెళ్ళి, ఆ గంటను గుడ్డసంచిలో వేసుకున్నది నేనే. కొట్టిందీ నేనే. ఒక్క తప్పూ చేయలేదంటే ఎట్లా ఊరుకుంటాను? ఆ మైసూరుపాకు కొరికిన పళ్ళు నావి.

సంచిలో నుంచి తీసి ఇచ్చాను. ఆ పిల్ల మా గేటు దాటి, ఒకప్పుడు టీచరమ్మ సైకిల్ ఉండే చోట ఆగి, గంట కొట్టింది.

"ఏం తప్పమ్మా?" అన్నాను.

"దొంగతనం, తాతా!"

"థాంక్స్!" అన్నాను. ఆ పిల్ల గంట కొట్టుకుంటూనే బస్సు స్టాపు వైపు నడిచింది.