చింతచెట్టు చుట్టుకొలత

ఫిబ్రవరి రెండో శనివారం పొద్దున 6.40కి మచ్చ బొల్లారంలో షేర్ ఆటో ఎక్కాం, నేనూ నా ఆడబిడ్డ కరుణా. మనిషికి ఇరవై రూపాయలు. శామీర్‌పేట అవతల మా పాత ఊళ్లో చర్చి ఆవరణలోని చింతచెట్టును కడసారి చూడాలని ప్రయాణం. దాని నీడలోనే నేను మొదటిసారి కుట్టుమిషను వేసుకుని కూర్చున్నాను. సోమవారం దాన్ని కొట్టేస్తారు. ఆ తీర్మానానికి ఆధారం నా నోటుపుస్తకమే. ఏటా ఇదే శనివారం నా కుట్టుపని టేపుతో మాను చుట్టుకొలత తీసి రాస్తాను. ఎనిమిదేళ్లుగా 170 అంగుళాలు దాటలేదు. ఎదగని చెట్టు లోపల చచ్చినట్టేనన్నారు చర్చి పెద్దలు. కాదనలేకపోయాను, అంకె నాది.

అల్వాల్‌లో 7.10కి బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం, జీరో టికెట్లు. కరుణ జారిన రవికె భుజం మీదికి లాక్కుంది.

"వదినె, గీ కొత్త రవికెల ఇంకొకరు పడుతరు."

"పాత పుస్తకంల ఉన్న నీ కొలతకే కుట్టిన. నువ్వే చిక్కినవ్."

"నేను చిక్కిన్నా!" అంటూ సీటు నిండా సర్దుకుంది. ముందు సీటామె వెనక్కి తిరిగి, "జర నాకూ గట్లనే కుట్టియ్యక్కా, చిక్కిన్నని ఇంట్ల చూపిస్త" అంది.

శామీర్‌పేట దగ్గర చెరువు మీది పొగమంచు రోడ్డు దాకా పాకింది. బస్సు నీళ్ల మీద పోతున్నట్టుంది.

8.30కి చెట్టు కింద ఉన్నాం. సన్నటి ఆకు చప్పుడు లేకుండా రాలుతోంది. సోమవారం పనికని మేడ్చల్ నుంచి పిలిపించిన చెట్ల పనివాడు యాదగిరి కొయ్యసుత్తితో మాను తడుతూ చెవి ఆనించి వింటున్నాడు.

"గుల్ల చప్పుడు లేదు. బెరడు నెర్రెల్ల కొత్త ఎరుపు సూడుండ్రి. ఇది పెరుగుతాంది."

"పెరగలేదయ్యా, రాసిపెట్టిన" అన్నాను.

ఇనుప టేపు చుట్టాడు. 174 పైన పావు.

"తప్పు కొలిచినవ్."

అతను నా టేపును తన టేపు పక్కన పరిచాడు. నా అరవై, అతని అరవై ఒకటిన్నర దగ్గర ఆగింది.

"బట్టటేపు గదవ్వా, సాగింది. చెట్టు పెరిగినకొద్దీ ఇదీ సాగుకుంట వచ్చింది."

అరవైకి ఒకటిన్నర చొప్పున లెక్కవేశాను. 170కి నాలుగుంబావు. సరిగ్గా కుదిరింది.

"మరి తీర్మానమో అమ్మా?" అన్నారు, మా వెనక నిలబడి చూస్తున్న పాస్టరు గారు.

"దాన్ని కొట్టెయ్యుండ్రి, చెట్టును కాదు."

ఆయన పైకి కొమ్మలకేసి చూసి సరేనన్నారు. చర్చి కప్పు మీదికి వంగిన ఎండుకొమ్మ ఒక్కటే తీశారు. మానుకు కొమ్మ అతికిన చోటి ఉబ్బును మాత్రం యాదగిరి తాకనివ్వలేదు. గాయం దానితోనే మూసుకుంటుందట. ఆ నీడలోనే పులిహోర తిని పడుకున్నాం. ఒంటిగంటకు చూడండి ఆ చెట్టును. వెలుగు పిండి జల్లెడ పట్టినట్టు పడుతుంది.

3.20కి తిరుగు బస్సు. ఇద్దరి జుట్టులోనూ చింతాకే. నిద్రలో కరుణ రవికె మళ్లీ జారింది. లేపి చెప్పాను, "నువ్వు చిక్కలే, టేపే సాగింది."

"పొద్దుగాల నేను గదే చెప్పిన" అని మళ్లీ కళ్లు మూసుకుంది.