మంగ్లి మెడలోని పంది రూపాయి

టేకులపల్లి మండలంలో కరెంటు మీటర్లు చూసే కిషన్‌లాల్‌ను చుట్టుపక్కల తండాల్లో ఎవరూ ఒట్టి పేరుతో పిలిచేవాళ్లు కాదు. బిళ్లల కిషన్‌లాల్ అనేవాళ్లు. కాంట్రాక్టు మీద చేసే ఉద్యోగం అది. మొదట్లో సైకిలు మీద, తర్వాత ఎవరో వాడి వదిలేసిన లూనా మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. మీటరు చూసి, బిల్లు చేతిలో పెట్టి, గుమ్మంలోనే నిలబడి, "పాత బిళ్లలు ఏమన్న ఉన్నయా?" అని అడిగేవాడు. ఉంటే చూసేవాడు, ఇస్తే కొనేవాడు. లేదంటే నవ్వి పక్కింటికి పోయేవాడు.

ఈ పిచ్చి అతనికి పదేళ్ల వయసులో పట్టుకుంది. వానకు కోసుకుపోయిన చేను గట్టులో నిజాం కాలపు రాగి పైసా ఒకటి దొరికింది. దాన్ని చింతపండుతో తోమి, మీద ఉన్న రాత చదవడం రాక, బళ్లో ఉర్దూ తెలిసిన పంతులు దగ్గరికి పరుగెత్తాడు. పెళ్లయ్యేనాటికి ఒక బిస్కెట్ల డబ్బా నిండింది. చిల్లు కాణీలు, అర్ధణాలు, చార్మినార్ బొమ్మ రూపాయిలు. భార్య హేమ్లి మొదటిసారి ఆ డబ్బా మూత తీసి చూసి, "మందికి కల్లు పిచ్చి ఉంటది, నీకు చిలుము పిచ్చి" అని నవ్వింది. ఆ రోజుల్లో ఆమెకు దాని మీద కోపమేమీ ఉండేది కాదు.

2002లో అతనికి గోపయ్య పరిచయమయ్యాడు. ఇల్లెందు బొగ్గుగనిలో టైం కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. రెండు గదుల ఇంట్లో ఒక గది నిండా ఆల్బములే. నాణేల పుస్తకాలు ఇంగ్లీషువి తెప్పించుకుని, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకునేవాడు. కిషన్‌లాల్ డబ్బా తీసి ముందు పెడితే అద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాడు. అన్నీ చూశాక తన ఆల్బం ఒకటి తెచ్చి, అందులో ఖాళీగా ఉన్న ఒక గడి చూపించాడు.

"ఇది పంది రూపాయిది," అన్నాడు.

"పంది రూపాయేంది సార్?"

"1911 రూపాయి. ఐదో జార్జి రాజు బొమ్మ ఉంటది. ఆయన అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కిండ్రు. తొండం పొట్టిగైంది. సూసినోళ్లంత గది ఏనుగు కాదు, పంది అన్నరు. లొల్లి అయింది. సర్కారు బిళ్లలన్ని వాపస్ తీస్కొని కరగబెట్టింది. అప్పటికే బజార్లకు పోయినయి కొన్ని మిగిలినయి. గవే."

"మీకు దొర్కలేదా?"

"నలభై ఏండ్లసంది ఎతుకుతున్న. ఖమ్మంల ఒక్కసారి చేతికొచ్చింది. ఇంటికి తెచ్చి సూస్తే నకిలీది." గోపయ్య ఆల్బం మూసేశాడు. "అచ్చమైంది ఒక్కసారి నా చేతిల పడితే చాలు కిషన్."

ఆ మాట విన్నప్పటి నుంచి కిషన్‌లాల్‌కు కూడా అదే కల. ఏ ఇంటికి పోయినా వెండి రూపాయి కనబడగానే ముందు వెనక్కి తిప్పి సంవత్సరం చూసేవాడు. 1907, 1917, 1919. అన్నీ వచ్చేవి, అదొక్కటే తప్ప.

మరుసటి ఏడు ఎండాకాలంలో బోడు పోయే దారిలోని ఒక తండాలో మంగ్లి ఇంటికి మీటరు చూడటానికి వెళ్లాడు. ఆ తండా అతని వంతుకు కొత్తగా వచ్చింది. మంగ్లికి అప్పటికి అరవై అయిదు దాటి ఉంటాయి. చేతులకు తెల్ల గాజులు, అద్దాల రవిక, మెడలో వెండి రూపాయిల హారం. ఇప్పటి ఆడవాళ్లు వదిలేసిన ఆ తొడుగు ఆమె వదల్లేదు. మంచం మీద కూర్చుని చింతగింజలు కొడుతోంది.

"యాడీ, నీ హారం ఒకపారి సూడొచ్చా?" అని అడిగాడు. వాళ్ల లంబాడీ మాటలో యాడీ అంటే అమ్మ.

ఆమె హారం తీయలేదు. మెడ ముందుకు వంచింది. కిషన్‌లాల్ నేల మీద కూర్చుని ఒక్కొక్క బిళ్లా తిప్పి చూశాడు. పదిహేను. ఎడమ వైపు నుంచి నాలుగోది తిప్పేసరికి 1911 కనబడింది. మళ్లీ ముందుకు తిప్పాడు. రాజు గుండె దగ్గర, అరిగిపోయిన వెండిలో, పొట్టి మూతి జంతువు ఒకటి నిలబడి ఉంది. పైన దారం కట్టడానికి అతికించిన చిన్న కొక్కెం కిరీటం అంచుకు తాకింది, అంతే. బొమ్మ చెడలేదు.

ఆ బిళ్లను వదలకుండా మరోసారి రెండు వైపులా తిప్పాడు. మంగ్లి గమనించింది.

"ఏంది బిడ్డా, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లేదు యాడీ. పాతయి, అంతే."

తర్వాత, మామూలు మాటలాగా, ఒక బిళ్ల ఇస్తే బదులు రెండు వెండి బిళ్లలు ఇస్తానన్నాడు. ఆమె నవ్వింది. తన తండ్రి ఎడ్ల బేరం చేసేవాడనీ, ఒక జత అమ్మినప్పుడల్లా ఒక రూపాయి పక్కన పెట్టి ఆమె పెళ్లికి హారం చేయించాడనీ చెప్పింది. "ఇయ్యి ఇచ్చేటియి కాదు బిడ్డా" అని, లోపలికి పోయి గిన్నెలో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రమే అతను ఇల్లెందు వెళ్లి గోపయ్యకు చెప్పాడు. గోపయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పది ప్రశ్నలు అడిగాడు. చివరికి కిషన్‌లాలే అన్నాడు, "దాని విలువ ఆమెకు చెప్తే ఏమంటరు సార్? హారమంతటికి ఎంతొస్తదో గా ఒక్కదానికే అంతొస్తది కదా."

"రెండింతలు నేనే ఇస్త. కానీ చెప్పకు," అన్నాడు గోపయ్య. "చెప్తే ఊరంత తెలుస్తది. రేపు ఇంకొకడొచ్చి ఎగరేస్కపోతడు. ముసలామె. కొడుకున్నడంటివి కదా, ఎప్పుడో ఒకప్పుడు వాడు అమ్ముతడు. గప్పటిదాంక నోరు మెదపకు. నెలనెలా పోతవు కదా, సూస్తుండు."

కిషన్‌లాల్ అలాగే చేశాడు. మూడేళ్లు. హేమ్లికి కూడా చెప్పలేదు. ప్రతి నెలా మంగ్లి ఇంటికి వెళ్లేవాడు. మీటరు అంకె రాసుకునే ముందు ఆమె మెడ వైపు చూసేవాడు. నాలుగో బిళ్ల ఉందో లేదో చూసుకున్నాకే మంచం మీద కూర్చునేవాడు. వెళ్లినప్పుడు ఉత్త చేతులతో పోవడం బాగుండదని అరటిపళ్లో, తంబాకు పొట్లమో తీసుకెళ్లేవాడు. ఆమె అతని కోసం జొన్నరొట్టె దాచి ఉంచేది. కొడుకు దేవ్లా సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ నడుపుతాడు. ఇంటికి వచ్చినా నిద్రకే. "నా కొడుకు నెలకొక్కపారి గూడ నా మొఖం సరిగ్గ సూడడు. నువ్వన్న వచ్చి కూసుంటవు" అనేది మంగ్లి. అతను రొట్టె తింటూ తల వంచుకునేవాడు. ఒకటి రెండు సార్లు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. వచ్చే నెల చెబుదాంలే అనుకున్నాడు.

2006 వానాకాలంలో ఆ ప్రాంతమంతా చికున్‌గున్యా పాకింది. తండాలకు తండాలే మంచం పట్టాయి. కిషన్‌లాల్‌కు కూడా వచ్చింది. వేళ్లు ముడవలేక, పాదం నేల మీద ఆనించలేక, నెల రోజులకు పైగా ఇంట్లోనే పడి ఉన్నాడు. ఆ నెల మీటర్లు వేరేవాళ్లు చూశారు. జ్వరంలో కూడా అతనికి నాలుగో బిళ్లే గుర్తొచ్చేది.

అదే సమయంలో మంగ్లి కూడా పడిపోయింది. జ్వరానికి తోడు ఊపిరి ఆడక దేవ్లా ఆమెను కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేర్చాడు. ఈ సంగతి కిషన్‌లాల్‌కు హేమ్లి ద్వారా తెలిసింది. హేమ్లి పుట్టిల్లు ఆ పక్క తండాయే. సోయిలోకి వచ్చిన మంగ్లి తానే హారం తీసి, ఖర్చులకు అమ్మమని కొడుకు చేతిలో పెట్టిందట. పాపం, మనిషి బతికి ఇంటికొచ్చింది గాని మెడ బోసిపోయిందని హేమ్లి చెబుతుండగానే కిషన్‌లాల్ మంచం మీద నుంచి లేచాడు.

"ఏ దుకాణంల అమ్మిండు?"

"నాకేం తెలుసు? కొత్తగూడెంలనే ఎక్కడనో. ఎక్కడికి పోతున్నవ్, నడవరాదు నీకు!"

గోడ పట్టుకుంటూ బస్టాపుకు నడిచాడు. కొత్తగూడెంలో వెండి దుకాణాలు వరసగా అడుగుతూ పోయాడు. నాలుగో దుకాణంలో సేటు గుర్తుపట్టాడు.

"లారీ డ్రైవర్ తెచ్చిండు, తూకానికి ఇచ్చిండు. అది ఎప్పుడో కరగబెట్టినం."

"అన్నీనా?"

"మూడు మిగిలినట్టున్నయి, సూస్త."

సేటు సొరుగులో చేయి పెట్టి వెతికేంతసేపు కిషన్‌లాల్ కౌంటరు అద్దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మూడు బిళ్లలు గలగలమని అద్దం మీద పడ్డాయి. మొదటిది 1907. రెండోది 1918. మూడోది తిప్పడానికి వేళ్లు రాలేదు. సేటే తిప్పాడు. 1919.

దుకాణం లోపల కుంపటి పక్కన వెండి కరిగించే మట్టి మూస మసిపట్టి ఉంది. గోడకు పిల్లల కాలిపట్టీలు కొత్తవి మెరుస్తూ వేలాడుతున్నాయి. అతను మూడు బిళ్లలూ కొనుక్కుని బయటికొచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు మంగ్లి ఇంటికి వెళ్లాడు. దేవ్లా ఇంట్లోనే ఉన్నాడు. మంగ్లి మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మూడు బిళ్లలు అరచేతిలో పెట్టగానే ఆమె మొహం విప్పారింది. "సూసినవా దేవ్లా, ఎంత కష్టపడి తెచ్చిండో" అంది. ఆ మాట అనకపోయి ఉంటే కిషన్‌లాల్ మౌనంగానే తిరిగి వచ్చేవాడేమో. ఇక ఆగలేకపోయాడు. మొదటి రోజు నుంచీ జరిగింది మొత్తం చెప్పేశాడు. గోపయ్య మాట కూడా దాచలేదు.

దేవ్లాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి వచ్చి అతని అంగీ పట్టుకున్నాడు.

"పైసల్లేక దవాఖానాల గేటు కాడ కూసున్న నేను. దాని ఇలువ నీకు ఎరుకే! మీటర్ సూడనీకె వచ్చినవా, మా అమ్మ మెడ సూడనీకె వచ్చినవా?"

కిషన్‌లాల్ విడిపించుకోలేదు. మంగ్లి కొడుకును ఆగమంది. ఆమె గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"నెలనెలా గందుకే వచ్చినవా?"

నిజానికి ఆ రెండో ఏడు నుంచి ఆమెతో కూర్చోవడం అతనికి బాగుండేది. కానీ ఇప్పుడు ఆ మాట ఎవరు నమ్ముతారు?

"ఈ మూడు నాయే, ఉంచుకుంట," అంది మంగ్లి. "నువ్వు పో."

అక్కడి నుంచి నేరుగా ఇల్లెందు వెళ్లాడు. గోపయ్య అంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంగ్లి ఎలా ఉందని అడుగుతాడనుకున్నాడు కిషన్‌లాల్.

"పంది బొమ్మ సాఫుగ ఉండెనా? మూతి కనబడుతుండెనా?" అని అడిగాడు గోపయ్య.

కిషన్‌లాల్ లేచి బయటికి నడిచాడు. ఆ ఇంటికి మళ్లీ పోలేదు. దారి పొడుగునా గోపయ్య మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. అయితే కొత్తగూడెం బస్సులో తాను తలుచుకున్నది కూడా మంగ్లిని కాదు, ఆ బిళ్లనేనని అతనికి తెలుసు.

సంగతి తండాలన్నీ పాకింది. అతను గుమ్మం ముందు ఆగగానే ముసలామెలు కొంగు లాగి మెడ కప్పుకునేవాళ్లు. ఇంట్లో హేమ్లి వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు ఒక్కటే అంది. "నాకన్న చెప్పాల్సింది. నేను పొయ్యి చెప్తుంటి."

కొన్నాళ్లకు అతను ఒక పని మొదలుపెట్టాడు. కొనడం పూర్తిగా మానేశాడు. ఎవరైనా చూపిస్తే బిళ్ల మీది సంవత్సరం, అది ఎంత పలకవచ్చో ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, "తూకానికి అమ్మకుండ్రి, ఈ కాయితం సూపెట్టి అడగండ్రి" అని చెప్పేవాడు. చాలామంది చూపించలేదు. ఎర్రమ్మ అనే ఆమె మాత్రం రెండు బిళ్లలకు కాగితం రాయించుకుని ఖమ్మంలో అమ్మితే, తూకానికి వచ్చేదానికి నాలుగింతలు వచ్చింది. ఆమె ఆ సంగతి అందరికీ చెప్పింది.

మంగ్లి రెండేళ్ల దాకా అతనితో మాట్లాడలేదు. మీటరు బయటి గోడకే ఉండేది కాబట్టి, అతను అంకె చూసుకుని వెళ్లిపోయేవాడు. 2008 చలికాలంలో ఒక పొద్దున ఆమె గుమ్మంలోకి వచ్చి, "ఇటు రా" అని పిలిచింది. అరచేతిలో మూడు రూపాయిలు ఉన్నాయి.

"ఎర్రమ్మకు కాయితం రాసిచ్చినవంట. ఇయ్యి ఏం పల్కుతయ్?"

అతను చూడాల్సిన పనిలేదు. అయినా ఒక్కొక్కటే తీసి రెండు వైపులా చూశాడు. "యాడీ, ఇయ్యి మామూలు బిళ్లలు. అందరి దగ్గర ఉంటయ్. ఎండి ధరనే."

"నిజమే చెప్తున్నవా?"

"నిజమే."

ఆమె అరచేయి చాపింది. "అప్పుడు గూడ గట్లనే అన్నవ్. పాతయి అంతే అని." బిళ్లలు తీసుకుని కొంగున ముడి వేసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత హేమ్లి పుట్టింటికి పోయి వచ్చి చెప్పింది. దేవ్లా ఆ మూడింటినీ ఖమ్మం తీసుకెళ్లి రెండు దుకాణాల్లో చూపించాడట. రెండు చోట్లా వెండి ధరే చెప్పారట.

కిషన్‌లాల్ తింటున్న చేయి ఆపాడు. "మరి యాడీ ఏమన్నది?"

"ఏమంటది? ఇంకో దుకాణంల గూడ అడగమన్నదంట."

ఆపై నెల అయిదో తారీఖున మంగ్లి ఇంటి వంతు వచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల ఆమె దగ్గుతున్న శబ్దం వినబడుతోంది. కిషన్‌లాల్ అంకె చూసుకుని, బిల్లు చింపి, గాలికి ఎగిరిపోకుండా గుమ్మంలో రాయి కింద పెట్టి, పక్కింటికి నడిచాడు.