నేను దిద్దిన వాక్యం

నాకు వాడి మీద ఉన్నది అసూయే. దానికి వేరే మంచి పేరు పెట్టను. అరవైల చివర్లో మద్రాసులో ఒక కంప్యూటర్ ఆఫీసులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. వాడిది మనుబోలు, మాది ఇందుకూరుపేట. యంత్రం గదంత ఉండేది. ఏ పని ఎప్పుడు చేయాలో, ఏ టేపు మీద ఏం రాయాలో దానికి చెప్పే మూల ప్రోగ్రాం వాడు రాసేవాడు. ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందో వివరించే పుస్తకం నేను రాసేవాణ్ణి. వాడు ఒక పంక్తి మారిస్తే నేనొక పేజీ మార్చాలి. యంత్రం చక్కగా నడిస్తే అందరూ వాడి భుజం తట్టేవాళ్ళు, నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. పుస్తకం చక్కగా ఉందని ఒక్కరూ అనలేదు.

ఒకసారి వారం రోజులు సెలవు పెట్టి, ప్రోగ్రాం కాగితాల కట్ట, నా పుస్తకం రెండూ ఇంటికి మోసుకొచ్చాను. పుస్తకం కొత్త ప్రతి అచ్చుకు వెళ్ళేలోపు రెండూ పోల్చి చూడాలి. మైపాడు సముద్రపు గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే ఊరగాయ జాడీ బరువు పెట్టి, వసారాలో పంక్తి పంక్తీ చూస్తున్నాను. మా నాయన పొలం నుంచి వచ్చాడు.

"ఆ మనుబోలు పిల్లోడేనంట గదా ఆ మిషన్ని నడిపించేది? మరి నువ్వేం చేస్తావు?"

"వాడు చేసింది రాస్తా."

"ఓహో, గుమాస్తావా" అన్నాడు, కాళ్ళు కడుక్కుంటూ.

ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా ఆ సాయంత్రమే తేడా కనిపించింది. టేపు మీద రాయబోయే ముందు అది ఎవరి టేపో పేరు సరిచూడాలని నా పుస్తకంలో ఉంది. ఇద్దరం కూర్చుని నిర్ణయించుకున్నదీ అదే. వాడు తొందరలో వరస మార్చేశాడు. ముందు రాత, తర్వాత పేరు. పొరపాటున వేరేవాళ్ళ టేపు ఎక్కిస్తే అందులో ఉన్నదంతా పోతుంది.

వాడికి ఒక పోస్టుకార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. వాడి తప్పు అందరికీ తెలియాలి, నా నోటితో కాకుండా తెలియాలి. పుస్తకంలో సరిగ్గా ఉంటే ఎవరో ఒకరు ముందే తేడా పట్టి దిద్దించేస్తారు. పెన్ను తీసి, నా వాక్యాన్నే వాడి తప్పుకు తగ్గట్టు దిద్దాను. ప్రోగ్రాం, పుస్తకం అచ్చంగా ఒకటే చెప్పాయి. నా ఉద్యోగం అదే కదా అని సమర్థించుకున్నాను కూడా. నష్టం ఎవరికి తగులుతుందో ఆలోచించనే లేదు. ఆ పూట అన్నం బాగా తిన్నాను.

కొన్ని నెలలకు అనుకున్నంతా అయింది. ఒక పరిశోధకుడి ఏడాది కష్టం ఉన్న టేపు తుడుచుకుపోయింది. వాణ్ణి ఆ ప్రోగ్రాం నుంచి తప్పించి, యంత్రానికి పెట్టే కార్డులకు చిల్లులు కొట్టే గదికి పంపారు. తర్వాతి సెలవుల్లో వాడు మనుబోలు నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. నిలదీయడానికే వచ్చాడనుకున్నాను. మా అమ్మ చేపల పులుసు వడ్డిస్తే కలుపుతూ కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఆ టేపు పోకముందే నాకు అనుమానమొచ్చిందిరా, వరస తప్పు రాసినానేమోనని" అన్నాడు. "నీ పుస్తకం తీసి చూసినా. అందులోనూ అట్నే ఉంది."

నేను వాడి గ్లాసులో నీళ్ళు పోశాను.

"నా రాత మీద నాకు నమ్మకం లేదు గానీ, నీ పుస్తకం మీద ఎప్పుడూ ఉంది. నువ్వు రాసినావంటే సరిగ్గానే ఉంటదిలే అని వదిలేసినా. నీకు మాట రాకూడదని పుస్తకం సంగతి అక్కడ ఎవరికీ చెప్పలా."

ఎవరో ఒకరు అంటే బాగుండునని అన్నేళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. అన్నది వాడు.

"ఇంకొంచెం పులుసు పోసుకో" అన్నాను.