నిప్పుకోడి ముందు గొడుగు

ఈ ఉదయం మీటింగు గదిలో పెన్ను కోసం బ్యాగులో వెతుకుతుంటే వేళ్ళకి చల్లగా స్టీలు స్కేలు తగిలింది. ఆరంగుళాలది. అంచున గీతలు సగం అరిగిపోయాయి, కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ మిషను నూనె వాసన వస్తుంది. మా ఆఫీసు హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తు. అద్దాలకి అవతల క్రేన్లు, ఇవతల పన్నెండుమంది మనుషులు, పదకొండు ల్యాప్‌టాప్‌లు. కాగితం మీద రాసుకునేది నేనొక్కదాన్నే. గత వారం మేం విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఎందుకు చెడిపోయిందో మేనేజరు చెప్పబోతున్నాడు. నోటుబుక్కు తెరిచి, స్కేలు ఆనించి, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. చూసినవాళ్ళు ఇది నా చాదస్తం అనుకుంటారు. ఈ అలవాటు నాకు మణికొండలో మా పక్క ఫ్లాటు విమల ఆంటీ దగ్గర అబ్బింది.

మణికొండకి వచ్చిన కొత్తలో నెల రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఫీసులో రోజంతా నోరు విప్పకుండా గడిపి, ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చుని, చెప్పలేకపోయినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఒక ఆదివారం పక్క బాల్కనీ గోడ మీంచి ఒక తల కనిపించింది. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు. ఏం రాస్తున్నావని ఆమె అడగలేదు. "నీ చేతిరాత బావుంటుందా అమ్మాయ్?" అని అడిగింది. ఉంటుందన్నట్టు తలూపాను. "అయితే సాయంత్రం ఓసారి రా. మా ఇంట్లో ఒక తగాదా ఉంది, రాసిపెట్టాలి" అంది.

తగాదా శ్రీలంకలో ఒక ఉడుము గురించి. అక్కడ ఆంటీ, ఆమె భర్త దిగిన చిన్న లాడ్జీలో స్నానాలగదిలోకి ఒక ఉడుము వచ్చింది. అంతవరకు ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఏ ఒక్క సంగతీ కలవదు. ఆమె భర్త నర్సింగ్ అంకుల్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ముప్పై ఐదేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా చొక్కా జేబులో స్కేలు లేకుండా ఆయన బయటకి అడుగు పెట్టేవారు కాదు. ఉడుము పొడుగు నాలుగడుగుల ఎనిమిదంగుళాలని, దాన్ని తానే బయటకి తోలానని ఆయన మాట. "కమోడ్ మీద నించుని ఎలా కొలిచారండీ?" అని ఆంటీ అడిగింది. "కన్నుతోని కొలిచిన. ఫిట్టరు కన్ను తప్పది" అన్నారు ఆయన. బకెట్టు అడ్డం పెట్టి ఉడుముని సాగనంపింది తనేనని ఆమె చెప్పింది. నేను ఏది రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆంటీ అంకుల్ జేబులోంచి స్కేలు తీసి పేజీ మధ్యలో గీత గీసింది. ఎడమ పక్క ఆయన చెప్పింది, కుడి పక్క తను చెప్పింది రాయమంది. ఒక్కటే షరతు: ఎప్పుడైనా ఎవరికైనా చదివితే రెండు పక్కలూ చదవాలి. ఒక పక్కే చదివేటట్లయితే అసలు పుస్తకం తెరవొద్దు. ఆ రోజు నుంచి స్కేలు ఆ నోటుబుక్కుతోపాటు నా దగ్గరే ఉండేది. పై దేశం వెళ్ళినప్పుడు మాత్రం అంకుల్ అడిగి తీసుకెళ్ళేవారు.

ఆంటీది తెనాలి. పెళ్ళై హైదరాబాదు వచ్చి, ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబ్‌లో సహాయకురాలిగా ముప్పై ఏళ్ళు చేసింది. ఏటా వేసవి సెలవుల్లో సీసాలన్నీ దించి, ఫార్మలిన్ మార్చి, కప్పకి, తేలుకి, పాముకి, ఎగిరే బల్లికి కొత్త చీటీలు అంటించేది. "ముప్పై ఏళ్ళు చచ్చినవాటికి పేర్లు రాశానమ్మాయ్. బతికుంటే ఎలా కదులుతాయో చూడకుండా నేనూ పోతే ఏం బావుంటుంది?" అని ఒకసారి నాతో అంది. అందుకే రిటైరయ్యాక ఏడాదికో దేశం. దారులు వెతకడం, టికెట్లు తీయడం, వీసా కాగితాలు నింపడం అన్నీ ఆమే. ఫోటోలు కూడా ఆమే తీసేది, ఎందుకంటే అంకుల్ తీస్తే ఆకాశమూ, మూలన ఒక తోకా పడేవి. ఆ కారణంగా వాళ్ళ ఫోటోలన్నిటిలోనూ ఏనుగు పక్కన అంకుల్, జిరాఫీ పక్కన అంకుల్, తాబేలు పక్కన అంకుల్. ఆంటీ ఒక్కదాంట్లోనూ లేదు. అప్పట్లో దీన్ని మేమెవరం పట్టించుకోలేదు.

అపార్ట్‌మెంటులో వాళ్ళ ప్రయాణాలంటే అందరికీ వినోదమే, కొందరికి కొంచెం మంట కూడా. ఒకరోజు లిఫ్టులో నేనూ ఆంటీ ఉండగా సెక్రటరీ గారి భార్య నవ్వుతూనే, ఈ వయసులో కాశీకి వెళ్ళాలి గానీ కోతుల వెంట పడతారేమిటి అంది. నేనైతే నేల చూపులు చూసేదాన్ని, చూశాను కూడా. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వంక తిరిగింది. "కాశీలో మటుకు ఎదురొచ్చేది కోతులే కదండీ. వాటిని చూడటానికి పూజారి అక్కర్లేదు" అంది. మూడో అంతస్తు రాగానే ఆవిడ దిగిపోయింది. ఆ రాత్రి నా డైరీలో ఆ మాట రాసుకుని, కింద నేనైతే ఏమనేదాన్నో రాయబోయి, ఏమీ తోచక ఖాళీ వదిలేశాను.

వాళ్ళ తగాదాలన్నిటిలోకీ పెద్దది దక్షిణాఫ్రికా నిప్పుకోడిది. దారి పక్కన భోజనానికి కారు ఆపారు. పొదల చాటు నుంచి ఒక నిప్పుకోడి, అదే ఆస్ట్రిచ్, వచ్చి అంకుల్ జేబులో ఎండకి మెరుస్తున్న స్కేలుని ముక్కుతో లాక్కుంది. అంకుల్ తిరిగి లాక్కోబోయారు. అది మెడ సాచి, రెక్కలు విప్పి ఆయన మీదకి వచ్చింది. మనిషి పొట్ట చీల్చగల కాలు దానిది. అప్పుడు ఒక గొడుగు పైకి లేచింది. తనకంటే ఎత్తయినదాన్ని చూస్తే నిప్పుకోడి జంకుతుందని, ఎగరలేని పక్షుల పాఠం చెప్పే ప్రతి ఏడాదీ కాలేజీ లెక్చరర్ ఒకాయన అనేవాడట. వెనక బెంచీ దగ్గర ట్రేలు సర్దుతూ ఆంటీ ఆ మాట ముప్పైసార్లు విన్నది. మడిచిన గొడుగుని తలపైన నిటారుగా ఎత్తి పట్టుకుంటే, పక్షి కాసేపు చూసి, స్కేలు కింద పడేసి వెనక్కి నడిచింది.

గొడుగు ఎత్తింది ఎవరు అన్నదే తగాదా. తానేనని అంకుల్. తనేనని ఆంటీ. ఫోటో మాత్రం అంకుల్ గొడుగు ఎత్తి పట్టుకుని ఉన్నదే ఉంది; గండం గడిచాక ఆయన సరదాపడితే ఆంటీయే తీసింది. నాలుగేళ్ళు వాళ్ళ ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ నడిచేది. "గా కోడి ఏడడుగుల తొమ్మిదంగుళాలు. నేను గొడుగు లేపినంక జర ఆలోచించి ఎనకకు పోయింది" అని అంకుల్ మొదలుపెట్టేవారు. ఆంటీ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆంటీ దుకాణానికి వెళ్ళినప్పుడు అంకుల్ మా తలుపు తట్టి నోటుబుక్కు అడిగారు. నిప్పుకోడి పేజీ తీశారు. ఎడమ పక్క తను చెప్పి రాయించిన వాక్యాన్ని స్కేలు పెట్టి ఒకే ఒక గీతతో కొట్టేశారు. దాని కింద తన చేత్తో, డ్రాయింగుల మీద రాసే పెద్ద అక్షరాలతో రాశారు: "గొడుగు లేపింది విమల. నేను ఆమె ఎనక ఉన్న. దూరం సున్న." కింద సంతకం పెట్టారు. వర్క్‌షాపులో తప్పు కొలత వేస్తే చెరపకూడదని, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, వేసినవాడే సంతకం పెట్టాలని నాకు వివరించారు. మరి ఆంటీకి చెప్పనా అని అడిగాను. "నేనున్నన్ని రోజులు చెప్పకు బిడ్డా. గా ఒక్క కొట్లాటలనే ఆమె నన్ను గెలవలే. గదన్న ఉండనీ" అన్నారు.

ఆ తర్వాతి ఏడాది ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటికే ఇద్దరికీ మలేషియా టికెట్లు తీసి ఉన్నాయి. ల్యాబ్ సీసాలోని ఎగిరే బల్లి అక్కడి అడవుల్లో చెట్టు నుంచి చెట్టుకి ఎగురుతుందని, అది చూడాలని ఆంటీ కోరిక. తాను ఒక్కతే వెళ్తానంది. కొండాపూర్‌లో ఉండే కొడుకు శ్రీకాంత్ గారు వద్దన్నారు. చెడ్డవారు కారు, తండ్రి పోయిన భయంలో ఉన్నారు. "నాన్న ఉన్నప్పుడు వేరమ్మా. అన్నీ ఆయన చూసుకునేవారు. ఇప్పుడు నిన్నెవరు చూసుకుంటారు?" అన్నారు, నేను అక్కడుండగానే. ఆమె పాస్‌పోర్టు భద్రంగా ఉంటుందని తనతో తీసుకెళ్ళిపోయారు. ఆంటీ ఆయన్ని ఆపలేదు. తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "వీడు కూడా ఫోటోలే చూశాడమ్మాయ్" అంది.

నెలమాసికం అయ్యాక ఒక ఆదివారం ఉదయం అపార్ట్‌మెంటు హాల్లో సంస్మరణ సభ పెట్టారు. తెర మీద ఫోటోలు వేశారు. ఏనుగు, జిరాఫీ, తాబేలు, గొడుగు ఎత్తిన అంకుల్. అమ్మని ప్రపంచమంతా తిప్పారని, ఒకసారి ప్రాణం కూడా కాపాడారని శ్రీకాంత్ గారు తెర వైపు చూపిస్తూ చెప్పారు. తర్వాత నన్ను పిలిచి, నోటుబుక్కులో నాన్న చెప్పింది, ఎడమ పక్కది, చదవమన్నారు. అరవైమంది ఉన్నారు. నా జీవితంలో నేను పదిమంది ముందు నిలబడలేదు. ఆంటీ మొదటి వరుసలో ఉంది. తెర వంకే చూస్తోంది.

చదివాను. ఏడడుగుల తొమ్మిదంగుళాల దగ్గర అందరూ నవ్వారు. శ్రీకాంత్ గారు థాంక్స్ అని చెయ్యి చాచారు, పుస్తకం ఇవ్వమన్నట్టు. నేను పుస్తకం వదల్లేదు. "ఇంకా ఉంది" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. కుడి పక్క చదివాను, ట్రేలు సర్దుతూ విన్న పాఠంతో సహా. హాల్లో ఎవరో, ఇవాళ కూడా వాదనేనా అన్నారు. అప్పుడు ఎడమ పక్క కొట్టేసిన వాక్యం కింద ఉన్నది చదివాను. గొడుగు లేపింది విమల. నేను ఆమె ఎనక ఉన్న. దూరం సున్న. సంతకం శ్రీకాంత్ గారికి చూపించాను. చదవమన్నది ఎడమ పక్కే కదా, అదీ ఎడమ పక్కదే.

ఆయన ఆ అక్షరాల వెంట సంతకం దాకా వేలు జరిపారు. ఆంటీ లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "అంటే తెలిసీ నాతో ఇన్నాళ్ళు ఊరికే కొట్లాడారన్నమాట, ఈ మహానుభావుడు" అని తెర మీద ఫోటో వంక చూసి కోపంగా అంది. ఆ తర్వాతే కళ్ళజోడు తుడుచుకుంది. మర్నాడు సాయంత్రం శ్రీకాంత్ గారు పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టి, విమానాశ్రయానికి తాను దింపుతానన్నారు. బ్యాగులో గొడుగు ఉందో లేదో చూసుకోమన్నారు.

పన్నెండు రోజులకి ఆమె నల్లబడి, కాలికి జలగ కాట్లతో, దగ్గుతూ తిరిగొచ్చింది. తిరిగొచ్చిన రోజే నన్ను పిలిచింది. నేను పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క వదిలేసి కుడి పక్క మొదలుపెట్టాను. బల్లి రెక్క పసుపూ నారింజా కలిసిన రంగట. సీసాలో బూడిదరంగు. ముప్పై ఏళ్ళు దాని రంగే బూడిద అనుకున్నానని చెప్పింది. తర్వాత ఎడమ పక్క ఖాళీగా ఎందుకు పెట్టావని గదమాయించింది. "ఆయనుంటే ముప్పై రెండడుగుల నాలుగంగుళాలు ఎగిరింది అనేవారు. రాయి." రాశాను. "తప్పు. ఇరవై దాటదు. అది నా పక్క రాయి."

అలా ఇంకో రెండు దేశాలు, రెండు పక్కలూ. పోయిన వానాకాలంలో ఆమె కూడా వెళ్ళిపోయింది. తర్వాతి ప్రయాణానికి వీసా వచ్చి ఉంది. నోటుబుక్కు శ్రీకాంత్ గారింట్లో ఉంది. స్కేలు నన్నే ఉంచుకోమన్నారు.

ఇక ఈ ఉదయం సంగతి. మేనేజరు పావుగంట మాట్లాడాడు. తప్పంతా జ్యోతి సరిగా పరీక్షించకపోవడం వల్లేనన్నాడు. జ్యోతి మా టీములో కాంట్రాక్టు ఉద్యోగి, ఈ మీటింగుకి ఆమెని పిలవలేదు. ఈ సాఫ్ట్‌వేర్ ఇంకా సిద్ధంగా లేదని విడుదలకి మూడు రోజుల ముందే ఆమె ఆయనకి మెయిల్ పెట్టింది. అది నాకూ వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టు ఎడమ పక్క రాశాను. పేజీ కిందిదాకా నిండింది. కుడి పక్క ఒక్క అక్షరం లేదు. ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని అడిగి, ఆయన జవాబు కోసం ఆగకుండా ల్యాప్‌టాప్ మూయబోయాడు.

స్కేలు పట్టుకున్న చెయ్యిని తలకంటే ఎత్తుగా, నిటారుగా ఎత్తాను.